కోటగోడ ముందు మొసళ్లు: 1944 రేవు యుద్ధాల్లో నిప్పు ట్యాంకుల కథ

1944 సెప్టెంబరు 14. ఫ్రాన్స్ పడమటి కొసన ఉన్న బ్రెస్ట్ రేవు శివార్లలో నాలుగు ట్యాంకులు మందుపాతరల మధ్య తీసిన సన్నటి దారి వెంట ఒకదాని వెనక ఒకటి బయల్దేరాయి. ప్రతి ట్యాంకు వెనకా రెండు చక్రాల బండి ఒకటి తగిలించి ఉంది. ఎండాకాలం పల్లెల్లో నీళ్ల ట్యాంకర్‌ని లాక్కెళ్లే ట్రాక్టర్లను చూసినవాళ్లకు ఈ వాలకం కొత్తేమీ కాదు. కాకపోతే ఆ బండిలో ఉన్నది నీళ్లు కాదు, జిగురులా చిక్కబెట్టిన పెట్రోలు. ఒక్కో బండిలో దాదాపు 1,800 లీటర్లు.

అవి వెళ్తున్నది మోంబారే కోట మీదికి. ట్యాంకులు బ్రిటిష్‌వాళ్లవి, మంట చిమ్మే రకం. పేరు క్రొకడైల్, అంటే మొసలి. వాటితో పాటు కదిలే సైనికులు అమెరికన్లు. కోటలో కూర్చున్నది జర్మన్లు. కోట కట్టుకున్నది మాత్రం ఫ్రెంచివాళ్లు.

ఆ రోజు దాడి విఫలమైంది. రెండు ట్యాంకులు దారి తప్పి మందుపాతరల మీదికి వెళ్లాయి. ఇంకొకటి శత్రువు కాల్పులకు దెబ్బతింది. రెండు రోజుల తర్వాత, 16వ తేదీన, అవే రకం ట్యాంకులు అదే కోట మీదికి మళ్లీ వెళ్లాయి. ఈసారి కోట లొంగింది. నిప్పు అదే, బండి అదే. మారిందల్లా దాని చుట్టూ ఉన్న ఏర్పాటు. క్రొకడైల్ గురించి మాట్లాడేవాళ్లంతా మంట దగ్గరే ఆగిపోతారు. ఆ మంట పనిచేయాలంటే ముందు ఎంతమంది ఎంత పని చేయాలో చూస్తే అసలు కథ బయటపడుతుంది.

అసలు రేవుల కోసం అంత పోరాటం ఎందుకంటే, సరుకు కోసం. జూన్ 6న నార్మండీ తీరంలో దిగిన బ్రిటిష్, అమెరికన్, కెనడా సైన్యాలు ఆగస్టు చివరికి ఫ్రాన్స్ దాటి బెల్జియం వైపు పరుగుపెడుతున్నాయి. పెట్రోలు, మందుగుండు, రొట్టె, అన్నీ ఇంకా నార్మండీ ఇసుక ఒడ్డు నుంచీ షెర్బూర్ రేవు నుంచీ లారీల మీద రావాలి. ముందుకు పోయేకొద్దీ లారీ ప్రయాణం పెరుగుతుంది. ఈ లెక్క హిట్లర్‌కీ తెలుసు. అందుకే ఫ్రాన్స్ తీరంలోని పెద్ద రేవులన్నింటినీ 'కోటలు'గా ప్రకటించి, ఆఖరి మనిషి వరకూ పోరాడమని ఆజ్ఞలిచ్చాడు. రేవు చేజారక తప్పకపోతే క్రేన్లు, గోడలు, గేట్లు పేల్చేసి ఇవ్వాలి.

సముద్రం వైపు నుంచి ఇలాంటి రేవు మీదికి నేరుగా వెళ్తే ఏమవుతుందో 1942 ఆగస్టు 19న డియెప్ దగ్గర తేలిపోయింది. అక్కడ కెనడా సైనికులు వందల సంఖ్యలో చనిపోయారు, ట్యాంకులు గులకరాళ్ల ఒడ్డు దాటడానికే నానా యాతన పడ్డాయి. గోడలు, కందకాలు, మందుపాతరలు దాటడానికి మామూలు ట్యాంకు చాలదని అప్పుడు బాగా తెలిసొచ్చింది. బ్రిటిష్ సైన్యం 79వ ఆర్మర్డ్ డివిజన్‌ని ప్రత్యేక యంత్రాలకే కేటాయించింది. దాని అధిపతి మేజర్ జనరల్ పెర్సీ హోబార్ట్. పై అధికారులతో పొసగక గడువుకు ముందే రిటైరై, 1940లో తన ఊళ్లో హోమ్ గార్డు అనే స్థానిక వలంటీరు దళంలో లాన్స్ కార్పొరల్ స్థాయిలో పనిచేస్తున్న మనిషిని వెనక్కి పిలిపించి ఈ బాధ్యత ఇచ్చారు. బ్రిటిష్ సేనాపతి జనరల్ మాంట్‌గోమరీ భార్య ఈయన తోబుట్టువు. బంధుత్వం వల్ల పదవి వచ్చిందనుకుంటే పొరపాటు, పిలిపించింది ప్రధాని చర్చిల్.

క్రొకడైల్ కూడా ఆ 1940 నాటి భయంలోంచే పుట్టింది. జర్మన్లు ఇంగ్లండ్ మీదికి వస్తారేమో అన్న టెన్షన్‌లో, పెట్రోలును ఆయుధంగా వాడటానికి ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టారు. రోడ్లకు నిప్పంటించడం, సముద్రం మీద మంట పరచడం లాంటి ఆలోచనలు చాలా చేశారు. వాటిలో చివరికి అక్కరకొచ్చింది ట్యాంకులో బిగించిన ఫ్లేమ్‌త్రోవర్, అంటే మంట చిమ్మే యంత్రం.

దాని పనితీరు తెలిస్తే తప్ప కోటల దగ్గర జరిగింది అర్థం కాదు. మూల వాహనం చర్చిల్ ట్యాంకు, అందులోనూ ఏడో మోడల్. నడక నెమ్మది. ముందు కవచం మందం మాత్రం 152 మి.మీ., అంటే ఆరంగుళాల ఉక్కు. పైన తిరిగే టరెట్‌లో 75 మి.మీ. ఫిరంగి అలాగే ఉంటుంది. కింద, డ్రైవర్ పక్కన మెషిన్‌గన్ ఉండాల్సిన చోట మంట గొట్టం. వెనక తగిలించిన ట్రైలర్ బరువు ఆరున్నర టన్నులు. అందులో ఇంధనంతో పాటు ఐదు నైట్రోజన్ సిలిండర్లు. ఆ వాయువు ఒత్తిడికి ఇంధనం ట్యాంకు పొట్ట కిందుగా వేసిన పైపులోంచి ముందుకు తన్నుకొస్తుంది. గొట్టం మూతి దగ్గర విద్యుత్ నిప్పురవ్వ అంటుకుంటుంది.

మామూలు పెట్రోలైతే గాల్లోనే భగ్గున మండి ఆరిపోతుంది. చిక్కబెట్టినది అలా కాదు. కర్రలా నిటారుగా వెళ్లి, తగిలిన చోట అతుక్కుని మండుతుంది. గోడకు కొడితే చిమ్మి పక్కకు తిరుగుతుంది. బంకర్ తూటా రంధ్రంలోకి పడితే మలుపు తిరిగి లోపలి గదిలోకీ పోతుంది. కాంక్రీటుకు ఏమీ కాదు, కాంక్రీటు వెనకున్న మనిషికే ముప్పు. సిబ్బంది దగ్గర ఇంకో ఎత్తు కూడా ఉండేది. ముందు నిప్పు లేకుండా వట్టి ఇంధనాన్నే లోపలికి చిమ్మి అంతా తడిపేసి, తర్వాత ఒక్క మండే ధార వదలడం.

ఇప్పుడు లెక్క చూడాలి. బండి నిండా నింపినా వచ్చేది ఒక్కో సెకను చొప్పున సుమారు 80 ధారలు. ఇంటికి వేసే ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ సెకనులో ఖాళీ అయినట్టన్నమాట. అంటే మొత్తం ఆయుధం ఆయుష్షు ఒకటిన్నర నిమిషం లోపే. దూరం మహా అయితే 110 మీటర్లు, గురి కుదరాలంటే ఇంకా దగ్గరికి వెళ్లాలి. ఎదురుగా జర్మన్ల 88 మి.మీ. ఫిరంగి కిలోమీటరు పైనుంచే ట్యాంకును కూల్చగలదు. ట్రైలర్ కవచం తుపాకి గుండ్లను ఆపుతుందే తప్ప ఫిరంగి గుండును కాదు. పైగా నైట్రోజన్ ఒత్తిడి నిలవ ఉండదు, కారిపోతూ ఉంటుంది. కాబట్టి దాడికి కాస్త ముందే సిబ్బంది కిందికి దిగి, ట్రైలర్ దగ్గరికెళ్లి సిలిండర్ల కవాటాలు తిప్పుకోవాలి. దాడి ఓ గంట వాయిదా పడితే ఆ ఒత్తిడి వృథా.

ఇంత నాజూకైన సరంజామాను కోట గోడకు వంద గజాల్లోపు తీసుకెళ్లాలి. అదీ సమస్య.

ఈ పని మొదట మీదేసుకున్నది 141వ రెజిమెంట్, రాయల్ ఆర్మర్డ్ కోర్. ట్యాంకు దళంగా పుట్టినది కూడా కాదు. బఫ్స్ అనే పేరున్న తూర్పు కెంట్ రెజిమెంట్ పదాతి పటాలాన్ని 1941లో ట్యాంకులెక్కించి తయారు చేశారు. మూడు స్క్వాడ్రన్లు. ఎప్పుడూ కలిసి పోరాడింది తక్కువ. ఏ డివిజన్‌కు ఎక్కడ గోడ అడ్డమొస్తే అక్కడికి ఒక స్క్వాడ్రన్, ఒక్కోసారి మూడు నాలుగు ట్యాంకులు అరువు వెళ్లేవి. కల్యాణ మండపాలకు అద్దెకు తిరిగే జనరేటర్ బండి తరహా బతుకు. ఎవరి కింద పనిచేస్తున్నామో ఆ సైనికులకు ఈ ట్యాంకు ఏం చేయగలదో, ఏం చేయలేదో ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకోవాలి.

బ్రెస్ట్‌కు అలా అరువు వచ్చింది బి స్క్వాడ్రన్, 15 క్రొకడైల్స్‌తో. ఈసారి అరువు తీసుకున్నది వేరే దేశపు సైన్యం. అమెరికన్ 29వ డివిజన్‌లోని 116వ రెజిమెంట్, అంటే జూన్ 6న ఒమాహా ఒడ్డున దిగి నెత్తురోడిన దళం. మోంబారే కోట రాళ్ల గోడల మధ్య మట్టి నింపి కట్టినది. గోడ మందం పాతిక అడుగులకు పైమాటే. చుట్టూ లోతైన కందకం. లోపల ఉన్నది ఓ 150 మంది. బయట పొలాల్లో మందుపాతరలు, చిన్న ఫిరంగుల గూళ్లు. మట్టి గోడ ఎంత గట్టిదో ఫిరంగి గుండు తగిలాక కానీ తెలీదు. రాయి పగులుతుంది, మట్టి మింగేస్తుంది.

14వ తేదీన జరిగిన తప్పు ఒకరిది అని చెప్పలేం. 121వ ఇంజినీరింగ్ పటాలం వాళ్లు పొగతెర చాటున చేతులతో మందుపాతరలు తీసి దారి చేశారు. దారి ఇరుకు. గుండ్ల దెబ్బలకు నేలంతా గుంతలు. ట్యాంకు లోపలి నుంచి డ్రైవర్‌కు కనిపించేది అరచేతంత అద్దంలోంచే. పక్కకు ఒక్క మీటరు జరిగితే చాలు.

ఆ మర్నాడంతా ఇంజినీర్లు దారి వెడల్పు చేశారు, ఫిరంగులు కోటను కొడుతూనే ఉన్నాయి. 16న ముందు విమానాలు, తర్వాత పొగ. మూడు క్రొకడైల్స్ బయటి గోడకు 80 గజాల దగ్గరికి చేరాయి. అక్కణ్నుంచి తూటా రంధ్రాల్లోకి వరసగా మంట చిమ్మాయి. ఆ మంట వల్ల చనిపోయినవాళ్లకంటే రంధ్రాల దగ్గర్నుంచి లోపలికి జరిగిపోయినవాళ్లు ఎక్కువ అనుకోవాలి. కావలసిందీ అదే. కాల్చేవాడు కిటికీ వదిలిన ఆ కొన్ని నిమిషాల్లో ఇంజినీర్లు గోడ మొదట్లో 2,500 పౌండ్లు, అంటే పదకొండు వందల కిలోల పైన పేలుడు పదార్థం పేర్చగలిగారు. ఇంకోవైపు 105 మి.మీ. ఫిరంగి ఒకటి చేరువ నుంచే ప్రధాన ద్వారం మీద గుండు మీద గుండు వేసింది. గోడకు సందు పడింది, పదాతి సైనికులు దూరారు. మిగిలిన డెబ్బై ఎనభై మంది జర్మన్లు చేతులెత్తారు.

ఇక్కడ మంట చేసిన పని ఏమిటి? గోడ పడగొట్టలేదు. కోటలోకి దూరలేదు. ఎదుటివాడు తల దించుకునేలా చేసింది, అంతే. గోడ పడగొట్టింది ఇంజినీరు, లోపలికెళ్లింది కాలిబంటు. ఆ ఇద్దరూ లేని రోజు క్రొకడైల్ వట్టి ఖరీదైన టపాకాయ.

అయితే ఇదే నెలలో, ఇదే రెజిమెంట్ ట్యాంకులు వెళ్లిన మరో రేవు దగ్గర కథ ఇంత కష్టంగా నడవలేదు. సేన్ నది ముఖద్వారంలోని లె హావ్ర్‌లో 11 వేల పైచిలుకు జర్మన్ సైనికులున్నారు. సెప్టెంబరు 10 సాయంత్రం దాడి మొదలైంది, 12న ముగిసింది. నలభై ఎనిమిది గంటలు. దాడి చేసిన బ్రిటిష్ 49, 51 డివిజన్లకు కలిపి నష్టం 500 మంది లోపే.

తేడా ఎక్కడుందంటే, మొదటిది తోడు. లె హావ్ర్‌లో హోబార్ట్ డివిజన్ యంత్రాలన్నీ ఉన్నాయి. ముందు క్రాబ్ అనే షెర్మన్ ట్యాంకు. దాని మూతికి తిరిగే ఇరుసు, ఇరుసుకు గొలుసులు. కళ్లంలో ధాన్యం కొట్టినట్టు నేలను బాదుతూ పోతుంది, మందుపాతరలు అక్కడికక్కడే పేలిపోతాయి. వెనక కందకం మీద వంతెన వేసే ట్యాంకు, కట్టెల మోపులు దొర్లించే ట్యాంకు, కాంక్రీటు మీదికి 18 కిలోల బాంబు విసిరే పెటార్డ్ ట్యాంకు. ఆ దారిలో చివర క్రొకడైల్. ముందురోజుల వానకు నేల బురదై క్రాబ్‌లు చాలానే దెబ్బతిన్నాయి, అయినా దారులు పడ్డాయి. మోంబారేలో మనుషులు రెండు రోజులు చేసిన పనిని ఇక్కడ యంత్రాలు సాయంత్రం కల్లా చేశాయి.

రెండోది ఎదురుగా ఉన్న మనిషి. లె హావ్ర్ అధిపతి కర్నల్ ఎబర్‌హార్డ్ విల్డర్‌ముత్ వృత్తిరీత్యా బ్యాంకరు, రిజర్వు అధికారి. యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీకి తొలి గృహనిర్మాణ మంత్రి అయ్యాడు. పట్టుబడ్డాక ఆయన చెప్పిన మాట ఈ మొత్తం వ్యవహారానికి తాళంచెవి లాంటిది. కాలిబంట్లు వస్తే పిస్తోళ్లతోనైనా ఎదిరించమనీ, ట్యాంకులొచ్చినప్పుడు మాత్రం ట్యాంకును కొట్టే ఆయుధం మిగలని గూళ్లు లొంగిపోవచ్చనీ తన అధికారులకు ముందుగానే చెప్పి ఉంచాడట. ఉట్టి చేతులతో ట్యాంకుతో పోరాడటంలో అర్థం లేదన్నది ఆయన వాదన.

అంటే నిప్పు ట్యాంకు గడప ముందుకు రావడమే లోపలివాళ్లకు ఒక సాకు. ఆఖరి మనిషి వరకూ పోరాడమన్న ఆజ్ఞ నెత్తిమీద ఉన్నప్పుడు, పరువు పోకుండా బయటికి రావడానికి కారణం ఒకటి కావాలి. ఒక్క ధార గోడకు కొట్టి చూపిస్తే తెల్లగుడ్డ ఊపిన బంకర్లు ఆ నెలలో తక్కువేం కాదు. బ్రెస్ట్‌లో కథ ఎందుకు వేరంటే, అక్కడి అధిపతి రామ్కే పారాచూట్ దళాల జనరల్, ఆయన చేతిలో ఆ దళాల గట్టి మనుషులున్నారు. వాళ్లకు సాకు అక్కర్లేదు. భయపెట్టే ఆయుధం బలం సగం ఎదుటివాడి మనసులో ఉంటుంది. ఈ లెక్క ఏ మాన్యువల్‌లోనూ రాయరు.

లె హావ్ర్ విజయాన్ని సైనిక చరిత్రలు మెచ్చుకుంటూ రాస్తాయి. దాని ఇంకో ముఖం అంత అందంగా లేదు. దాడికి ముందు ఊళ్లోని పౌరులను బయటికి పంపిద్దామని విల్డర్‌ముత్ అడిగాడు. బ్రిటిష్ జనరల్ క్రాకర్ ఒప్పుకోలేదు. సెప్టెంబరు 5 నుంచి పడిన బాంబుల కింద సుమారు రెండు వేల మంది ఊరివాళ్లు చనిపోయారు. ఊరి నడిబొడ్డు నేలమట్టమైంది. పడినవి ఎక్కువగా ఇళ్ల మీద, తక్కువగా బంకర్ల మీద. క్రొకడైల్ చిమ్మే మంటకు జనం జడుసుకుంటారు గానీ, ఆ నెలలో రేవు ఊళ్ల పౌరులను చంపింది పైనుంచి పడినవే.

బులోన్, కలే రేవుల బాధ్యత కెనడా 3వ డివిజన్‌ది. యంత్రాలు లె హావ్ర్ నుంచి అటు తరలాయి. బులోన్‌లో సెప్టెంబరు 17 నుంచి 22 దాకా ఆరు రోజులు పట్టింది. తొమ్మిదిన్నర వేల మంది ఖైదీలయ్యారు. కెనడా వైపు నష్టం 634 మంది. మోన్ లాంబేర్ గుట్ట మీద వందల బాంబర్లు కురిపించిన బాంబులు బంకర్లను పెద్దగా కదపలేదు, గుంతలు మాత్రం చేశాయి. ఆ గుంతల్లో దాడి చేసేవాళ్ల ట్యాంకులే దిగబడ్డాయి. బులోన్ పాతకోట దగ్గరైతే ఏ యంత్రమూ చేయలేని పని ఒక ఊరి మనిషి చేశాడు. లోపలికి పోయే సొరంగం చూపించాడు. ద్వారం మీద పెటార్డ్ ట్యాంకు పనిలో ఉండగానే, ఒక ప్లటూన్, అంటే చిన్న సైనిక జట్టు, సొరంగంలోంచి కోట నడుమ తేలింది. గోడల మీద తెల్లజెండాలు లేచాయి.

కలే దాడి సెప్టెంబరు 25న మొదలై అక్టోబరు 1కి ముగిసింది. అక్కడ లపాన్, నియ్యులే అనే పాత కోటల మీద క్రొకడైల్స్ పనిచేశాయి, రెండూ పడ్డాయి. లె హావ్ర్‌లో కాదన్నది ఇక్కడ కుదిరింది. 29న కాల్పులు ఆపి పౌరులను బయటికి రానిచ్చారు. ఆ విరామంలో జర్మన్ సైనికుల పోరాడే మనసు కూడా ఊరు దాటి పోయినట్టుంది, తిరిగి మొదలైన దాడికి పెద్దగా ఎదురు రాలేదు. ఏడు వేలకు పైగా లొంగిపోయారు.

ట్యాంకు లోపల ఉన్న ఐదుగురి సంగతి కూడా కొంత చెప్పాలి. మామూలు ట్యాంకు సిబ్బందికి లేని భయం వీళ్లకొకటి ఉండేది, ఖైదీలుగా పట్టుబడితే ప్రాణాలతో వదలరని. మంటతో కాల్చేవాణ్ని చూసే చూపు వేరే. తుపాకి గుండుకు చచ్చినవాడూ చచ్చినట్టే అయినా, నిప్పు విషయంలో సైనికుడి లెక్క అలా సాగదు. అప్పటికి ఆ ఆయుధం మీద ప్రత్యేకంగా ఏ నిషేధమూ లేదు. 1980 నాటి అంతర్జాతీయ ఆయుధాల ఒప్పందంలో నిప్పు ఆయుధాల గురించిన మూడో ప్రొటోకాల్ వచ్చాక కూడా కట్టడి ప్రధానంగా పౌరులుండే చోట్ల మీదే, సైనికులపై వాడకాన్ని పూర్తిగా నిషేధించలేదు. సైన్యాలు ఫ్లేమ్‌త్రోవర్లను చాలావరకు తామే పక్కన పెట్టేశాయి. వంద మీటర్ల దూరం దాకా వెళ్లి చేయాల్సిన పనిని దూరం నుంచే చేసే రాకెట్లు వచ్చాక, ఆ ట్రైలర్‌ని లాక్కెళ్లే అవసరం తగ్గింది.

ఇంతా చేసి గెలిచిన రేవుల్లో దక్కిందేమిటన్నది చేదు లెక్క. బ్రెస్ట్ సెప్టెంబరు 19కి పూర్తిగా లొంగింది. అమెరికన్ నష్టం పదివేలకు దగ్గర. జర్మన్లు రేవును ఎంత శ్రద్ధగా పేల్చారంటే, దాన్ని సరుకు దించడానికి మిత్రసైన్యాలు వాడనే లేదు. లె హావ్ర్‌లో మొదటి ఓడలు రావడానికి అక్టోబరు దాకా ఆగాలి. ఇటు చూస్తే, సెప్టెంబరు 4నే దాదాపు చెక్కుచెదరకుండా చేతికొచ్చిన ఆంట్‌వెర్ప్ పెద్ద రేవు ఖాళీగా పడి ఉంది. సముద్రం నుంచి అక్కడికి వచ్చే షెల్ట్ నది ముఖద్వారం ఇంకా జర్మన్ల చేతిలోనే ఉండటం అందుకు కారణం. ఆ ఒడ్డులు గెలిచి, మందుపాతరలు ఏరి, మొదటి ఓడల కాన్వాయ్ రేవుకు చేరేసరికి నవంబరు 28 అయింది. సెప్టెంబరు తొలివారంలో ఆ ముఖద్వారం మీద దృష్టి పెట్టి ఉంటే, కలే కోటల ముందు అంత మంట అవసరమయ్యేదా అన్న ప్రశ్న చరిత్రకారులు ఇప్పటికీ వేస్తూనే ఉన్నారు.

అన్ని కోట రేవుల మీదా ఇలా దాడి చేయలేదు. లోరియాన్, సేన్ నజేర్, డన్‌కిర్క్‌లను చుట్టుముట్టి వదిలేశారు. లోపలి జర్మన్లు ఆ శీతాకాలమంతా అక్కడే బందీల్లా గడిపి, 1945 మేలో బెర్లిన్ పడ్డాక తలుపులు తీశారు. డన్‌కిర్క్ 9న, లోరియాన్ 10న, సేన్ నజేర్ 11న. మోంబారే కోట ఇప్పుడు స్మారక మందిరం. దాని ఆవరణలో ఒక చర్చిల్ క్రొకడైల్‌ని నిలబెట్టారు.